పిల్లి తొట్టెలో ఎర్ర ఇసుక

లింబాద్రి మూడోసారి జల్లెడ పట్టిన ఇసుకను అరచేతిలో పోసుకుని బొటనవేలితో నలిపి చూశాడు. గవ్వ ముక్కలు పోయాయి, గులకరాళ్లు పోయాయి, ఉప్పు మాత్రం పోలేదు. సముద్రపు ఇసుక ఎన్ని నీళ్లు పోసి కడిగినా, ఎంత ఎండలో ఆరబెట్టినా వేళ్లకు సన్నటి జిగట అంటుకుంటూనే ఉంటుంది. గోడకు సిమెంటు గిలాబు చేయడానికి ఎవడైనా ఇలాంటి ఇసుక తెస్తే తెచ్చినవాడి ఎదుటే గుమ్మరించి వెనక్కి ఎత్తించేవాడు. కానీ ఇది గోడకు కాదు. పిల్లికి.

దుబాయ్‌కి తూర్పున, ఖోర్ ఫక్కాన్ రేవు పట్నంలో కొండవాలు మీద కంపెనీ పెద్దల ఇళ్లు ఆరున్నాయి. వాటిలో చివరి ఇల్లు ముదీర్‌ది, అంటే కంపెనీ మేనేజరుది. వెనక నల్లటి కొండ, ముందు సముద్రం, కింద రేవులో ఓడల మీంచి కంటైనర్లు దించే క్రేన్లు. పన్నెండు రోజుల కింద బాత్రూంలో ఊడిన నాలుగు టైల్స్ అతికించి రమ్మని లింబాద్రిని ఈ ఇంటికి పంపారు. పని ఒక్కపూటలో అయిపోయింది. చేతులు కడుక్కుంటుంటే ముదీర్ భార్య, మేడం వచ్చి, సముద్రం ఒడ్డు నుంచి ఒక బస్తా ఇసుక తెమ్మంది. తెచ్చాడు. మరుసటి రోజు ఇంకో బస్తా. ఆ తర్వాత అతను సైటు ముఖం చూడలేదు.

ఇంటి వెనక తలుపు తెరుచుకుంది. వంటమనిషి చిట్టెమ్మ కుషన్ ఒకటి చేతికి ఆనకుండా రెండు వేళ్లతో పట్టుకుని బయటికి వచ్చింది. అమలాపురం దగ్గర మనిషి, నలభై ఏళ్లుంటాయి, ఈ దేశం వచ్చి ఆరేళ్లు. మేడం ఇంగ్లీషు ఆమెకు అర్థమవుతుంది, ఆమె ఇంగ్లీషు మేడానికి అర్థమవుతుంది. ఆ ఇంట్లో లింబాద్రి మాట మేడానికి చేరాలంటే ఆమె నోటి నుంచే చేరాలి.

"మళ్లీ చేసేసింది తమ్ముడూ. ఇదిగో, సోఫా మీద."

"నిన్న కొత్త ఉసికె పోసిన గదా అక్కా!"

"పోశావు. అది ఇటేపు చూడాలిగా మరి. అల్లం గారికి సోఫాలే కావాలి."

పిల్లి పేరు జింజర్. ఇంగ్లీషులో అల్లం అని అర్థమని చిట్టెమ్మ మొదటిరోజే చెప్పి చాలాసేపు నవ్వింది. అల్లం రంగుది కాదు, పండు ఇటుక రంగుది. ఎవరో దొరల కుటుంబం దుబాయ్ వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోతూ మూడు వారాల కింద మేడానికి ఇచ్చిపోయారు. పిల్లిని, దాని నీలం ప్లాస్టిక్ తొట్టెను ఇచ్చారు కాని, ఆ తొట్టెలో పోసే మట్టి ఇవ్వలేదు. ఆ మట్టి సంచుల్లో అమ్ముతారట. కొండలకు అవతల, దుబాయ్‌లో ఒకే ఒక్క దుకాణంలో దొరుకుతుందట. ఓడ వస్తే తెప్పిస్తామన్నారట. ఓడ రాలేదు. అందుకని ఇసుక.

మేడం గుమ్మంలోకి వచ్చింది. పొడుగ్గా, ఎండకు ముక్కు కమిలి, చేతిలో ఒక పుస్తకం. పిల్లుల్ని పెంచడం ఎలాగో అందులో ఉంది. ఒక పేజీలో వేలు పెట్టి, లింబాద్రి వైపు చూస్తూ చిట్టెమ్మతో గబగబా మాట్లాడింది.

"తొట్టె సరిగ్గా కడగట్లేదంటున్నారు," అంది చిట్టెమ్మ.

"దినాం మూడుసార్లు కడుగుతున్న. డెట్టాల్ పోసి కడుగుమన్నది ఆమెనే. గా వాసనకు నాకే కండ్లు మండుతున్నయి. పిల్లి ముక్కు మనకంటే సన్నగుంటది. డెట్టాల్ బంద్ చేయమను. వారం దినాలు ఒట్టి సబ్బుతోటి కడిగి చూద్దామను."

చిట్టెమ్మ మేడం వైపు తిరిగి నాలుగు మాటలు అంది. లింబాద్రి చెప్పినంత పొడుగు లేవవి. మేడం తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

"ఏమన్నది?"

"చూద్దాం అన్నారు," అంది చిట్టెమ్మ, కుషన్ గలీబు విప్పుతూ.

సాయంత్రం ముదీర్ కారు దిగి వెనక్కి వచ్చాడు. హిందీ కొంచెం నేర్చిన దొర. జల్లెడను, ఇసుక కుప్పను, లింబాద్రిని వరుసగా చూశాడు. లింబాద్రి ముఖానికి అంటిన ధూళి తుడుచుకుని, "సాబ్, సైట్ కబ్?" అన్నాడు. పన్నెండు రోజుల్లో అది ఎనిమిదోసారి అడగడం.

"బిల్లీ సీఖేగా, తుమ్ సైట్ జాయేగా," అన్నాడు ముదీర్. తర్వాత వేలెత్తి, "బిల్లీ నహీ సీఖేగా, తుమ్ ఇధర్. ఖలాస్."

పిల్లి నేర్చుకుంటేనే లింబాద్రికి విడుదల.

కంపెనీ కూలీల క్యాంపులో రొట్టెలు కాలుస్తున్న వేళకు లింబాద్రి చేరాడు. చన్నీళ్ల కింద నిలబడి ఒంటికంటిన ఉప్పు వదిలేదాకా రుద్దుకున్నాడు. గదిలో అతని కింది మంచం భోజన్నది. పక్క ఊరి మనిషే, గిలాబు పనిలో జోడీ. వచ్చినప్పటి నుంచి ఏ గోడ అయినా కింద భోజన్న, పైన లింబాద్రి.

"వచ్చిండే మా పిల్లి మేస్త్రి," అన్నాడు భోజన్న. గదిలో నలుగురూ నవ్వారు. లింబాద్రి నవ్వలేదు. అతను నవ్వకపోవడం చూసి భోజన్న గొంతు తగ్గించాడు. "అరేయ్, ముచ్చట ఇన్నవా? బేస్తారం నాడు పరీచ్ఛ ఉన్నది. కన్సల్టెంటు ఒస్తడట. ఒక్కొక్కనికి ఒక గోడ ఇస్తరు. గిలాబు మంచిగ చేసినోనికి మేస్త్రి కార్డు. చెయ్యనోడు, రానోడు, ఇగ హెల్పరే. ఏ సైటుకు పోయినా హెల్పరే."

"నా పేరు?"

"ఫోర్మన్‌ను అడుగు."

ఫోర్మన్ కరీముల్లా కడప మనిషి. గది ముందు కుర్చీలో కూర్చుని రేడియో తిప్పుకుంటున్నాడు. లింబాద్రి మాట పూర్తి కాకముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ పేరు రాసినాను అప్పా. నాకు తెల్దా నీ పని? కానీ నువ్వు ఇప్పుడు నా కింద ల్యావు. ముదీర్ ఇంటికి పోయినావు. ఆయప్ప పంపిస్తూ ఒక కాగితం రాసియ్యాల. అది ల్యాకుండా నిన్ను గోడ ముందర నిలబెడితే నా ఉద్యోగం పోతాది."

"నాలుగు దినాలే ఉన్నయ్ భాయ్."

"పిల్లికి చెప్పుకో పో," అన్నాడు కరీముల్లా. అన్న తర్వాత అతనికే నచ్చలేదేమో, రేడియో కట్టేసి, "టీ తాగుతావా?" అని అడిగాడు. లింబాద్రి వద్దని తిరిగి వచ్చేశాడు.

ఆదివారం ఉదయం అతను ఇసుక ముట్టుకోలేదు. బట్టలుతికే గది ఊడవాలనే నెపంతో చీపురు తీసుకుని లోపలికి వెళ్లి, గడప మీద గొంతుక్కూర్చున్నాడు. పన్నెండు రోజులుగా ఇసుక తేవడం, కడగడం, ఆరబెట్టడం, జల్లించడమే తప్ప పిల్లి ఏం చేస్తుందో ఒక్కసారైనా చూడలేదన్న సంగతి అతనికి రాత్రి మంచం మీద తట్టింది. గోడ పగులు పట్టినప్పుడు మేస్త్రి ముందు గోడను చూస్తాడు. ఇక్కడ ఆ పని ఎవరూ చేయలేదు.

పది గంటల ప్రాంతంలో పిల్లి వచ్చింది. తోక నిటారుగా పెట్టి తొట్టె దాకా తిన్నగా నడిచింది. అంటే తొట్టె ఎందుకో దానికి తెలుసు. అంచు మీద ముక్కు పెట్టింది. చెవులు వెనక్కి వాల్చింది. అయినా ఒక కాలు లోపల వేసి ఇసుకను గోకింది. కాలెత్తి, పంజాకు అంటిన జిగట ఇసుకను రెండుసార్లు విదిలించింది. సరిగ్గా అప్పుడే తొట్టె పక్కనున్న బట్టల మెషీన్ గుడగుడమని తిరగడం మొదలుపెట్టింది. పిల్లి గాల్లోకి ఎగిరి లింబాద్రి భుజం రాసుకుంటూ బయటికి దూకింది.

అతను చీపురు అక్కడే వదిలి చప్పుడు చేయకుండా వెనకాలే వెళ్లాడు. బాత్రూం పక్కన సన్నటి నడవ. ఆ మూల టైల్స్ పని నాటి ఇనుప తట్ట ఇంకా పడి ఉంది. అందులో రెండు దోసిళ్ల ఎర్ర ఇసుక మిగిలి ఉంది. కొండలకు అటువైపు, ధైద్ ఎడారి నుంచి గిలాబు కోసం లారీల్లో తెప్పించే ఇసుక. గోధుమపిండిలా మెత్తగా ఉంటుంది, ఉప్పు ఉండదు, ధూళి ఉండదు. పిల్లి తట్ట చుట్టూ ఒకసారి తిరిగింది. లోపలికి దిగి ముందుకాళ్లతో గుంత తీసింది. వెనక్కి తిరిగి కూర్చుంది. పని ముగించుకుని ఇసుకను శ్రద్ధగా మూడువైపుల నుంచీ లాగి కప్పింది. వాసన చూసి, చాలదనిపించి ఇంకాస్త కప్పి, తాపీగా వెళ్లిపోయింది.

లింబాద్రి గోడకు ఆనుకుని ఊపిరి వదిలాడు. పిల్లికి రానిదంటూ ఏమీ లేదు. పిల్లికి అన్నీ వచ్చు.

"అక్కా! ఓ చిట్టెమ్మక్కా! జల్దిన రా!"

చిట్టెమ్మ పిండి చేతులతో వచ్చింది. ఆమె వెనక మేడం కూడా వచ్చింది. తట్టలోకి చూసిన మేడం ముఖం ముడుచుకుపోయింది. నడవ వైపు, తట్ట వైపు చూపిస్తూ గొంతు పెంచింది.

"ఈ తట్ట ఇంట్లో ఎందుకు వదిలేశావంటున్నారు. ఇది చూసే పిల్లి చెడిపోయిందంట."

"చెడిపోలేదు, అగో అది మంచిగ చేసింది! చెప్పు అక్కా. మూడే ముచ్చట్లు. డెట్టాల్ వాసన దానికి పడ్తలేదు. మిషిన్ చప్పుడుకు బెదురుతున్నది. సముద్రం ఉసికె కాళ్లకంటుతున్నది. తొట్టె గీ నడవల పెట్టి, గీ ఎర్ర ఉసికె పోస్తే రేపే నేర్చుకుంటది. నేర్చుకునుడేంది, దానికి వచ్చు!"

అతను చేతులతో చూపించాడు. పిల్లి కాలు విదిలించినట్టు తన చెయ్యి విదిలించాడు. మేడం అతన్నే చూస్తోంది. చిట్టెమ్మ పెదవులు తడుపుకుని మేడంతో మాట్లాడింది. ఆ మాటల్లో లింబాద్రికి ఒక్క మాట తెలిసింది. సారీ. కాసేపటికి మళ్లీ అదే మాట. సారీ మేడం.

మేడం కాస్త శాంతించింది. తట్ట తీసి బయట పారేయమని చేత్తో చూపించి వెళ్లిపోయింది.

లింబాద్రి కదల్లేదు. "నేను సారీ అన్ననా అక్కా?"

చిట్టెమ్మ చేతికంటిన పిండి గిల్లుకుంటోంది.

"నేను అన్ని ముచ్చట్లు చెప్తే నువ్వు సారీ అని చెప్పినవ్. నిన్న గూడ గంతేనా? డెట్టాల్ ముచ్చట చెప్పనే లేదా?"

"ఎలాగ చెప్పమంటావయ్యా?" అంది ఆమె గొంతు తగ్గించి. "డెట్టాల్ పొయ్యమంది ఆవిడ. తొట్టి మిషను పక్కన పెట్టింది ఆవిడ. ఎర్రదైతే కార్పెట్‌కి మరకలవుతాయి, సముద్రపు ఇసుకే తెమ్మంది ఆవిడ. ఇవన్నీ మీ తప్పేనండీ అని నా నోటితో ఎలాగనను? నాకు ముందు పనిచేసిన సింహళం పిల్ల ఫ్రిజ్జు విషయంలో ఎదురుచెప్పిందని వారంలో పంపించేశారు. నాకు ఇద్దరాడపిల్లలు చదువుకుంటున్నారు తమ్ముడూ."

"అందుకని నా తప్పు అని చెప్పినవ్."

లింబాద్రి తట్ట ఎత్తుకుని బయటికి వెళ్లి ఆ ఎర్ర ఇసుకను కొండరాళ్ల మధ్య గుమ్మరించాడు. ఖాళీ తట్టను గోడకేసి కొట్టబోయి ఆగాడు. అది కంపెనీ తట్ట.

సోమవారం అసలు దెబ్బ పడింది. ముదీర్ రాత్రి ఇంటికి తెచ్చుకున్న డ్రాయింగు కాగితాలు చాప చుట్టినట్టు చుట్టి బల్ల కింద పెట్టాడు. మెత్తటి కాగితం, మూలనున్న చోటు, నిశ్శబ్దం. పిల్లికి అంతకన్నా ఏం కావాలి? పొద్దున ముదీర్ కాగితాలు విప్పేసరికి రేవు గోడ గీతలన్నీ పచ్చగా కలిసిపోయి ఉన్నాయి.

అతను పిల్లిని ఏమీ అనలేదు. పిల్లి కిటికీలో కూర్చుని ఒళ్లు నాక్కుంటోంది. అతను నేరుగా వెనక్కి వచ్చి తడి కాగితాన్ని లింబాద్రి ముఖం ముందు ఆడించాడు.

"తుమ్ క్యా కర్తా? తేరా దిన్! తేరా దిన్!" అని అరిచాడు. పదమూడు కాదు సాబ్, ఇవాళ్టికి పద్నాలుగు అని లింబాద్రికి నోటి దాకా వచ్చింది. "అబ్ ఏక్ సాల్ ఇధర్! పూరా ఏక్ సాల్!"

"సాబ్, బేస్తారం... జుమేరాత్... టెస్ట్ హై సాబ్..."

"నో టెస్ట్!"

చిట్టెమ్మ పళ్లెంలో అన్నం పెట్టి మెట్టు మీద ఉంచింది. లింబాద్రి చాలాసేపు అలాగే వదిలేసి, ఈగలు ముసురుతుంటే తిన్నాడు. తను ఈ దేశానికి వచ్చింది ఒక చేతిలో తాపీ, ఒక చేతిలో పూత నునుపు చేసే గురుమాల పట్టుకుని పనిచేయడానికి. గోడ ముందు నిలబడితే అతనికి ఎవరి భాషా అక్కర్లేదు. బద్ద ఆనించి చూస్తే గోడే చెప్తుంది, పని వచ్చినవాడో కాదో. ఇక్కడ మాత్రం నోరుండీ పిల్లితో సమానమైపోయాడు. ఆ పోలిక తట్టగానే అతనికి ఇంకా మండింది. పిల్లి ముఖం ముందు కాగితం ఎవరూ ఆడించలేదు కదా.

మంగళవారం పదకొండు గంటలకు కంపెనీ పికప్ కొండవాలు ఎక్కి వచ్చింది. డ్రైవర్ షావలి దిగి, వెనక నుంచి రెండు కాగితపు సంచులు దింపాడు. వాటి మీద నవ్వుతున్న పిల్లి బొమ్మ. ఓడ వచ్చింది.

మేడం ముఖం వెలిగిపోయింది. తనే స్వయంగా తొట్టె తీసుకుని, లింబాద్రి పొద్దున పోసిన ఇసుకనంతా చెత్తడబ్బాలో ఒంపేసింది. తొట్టెను డెట్టాల్‌తో కడిగించింది. సంచి కత్తిరించి పోసింది. బూడిదరంగు మట్టి గుళికలు, శనగబద్దలంత ఉన్నాయి. మధ్యమధ్య నీలం పలుకులు. గదంతా ఘాటైన పూల వాసన కొట్టింది. మేడం వేలితో సంచి మీద అక్షరాలు చూపించి లింబాద్రితో నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు, "లండన్. లండన్," అంది.

పిల్లిని ఎత్తుకొచ్చి తొట్టెలో దింపారు. గుళికల మీద కాళ్లు మోపగానే అది వణికినట్టు అయి నాలుగు కాళ్లూ ఒకచోటికి లాక్కుంది. ఒకసారి తుమ్మింది. దూకి పారిపోయింది. మధ్యాహ్నానికి మేడం మంచం మీద, ఇస్త్రీ చేసి పెట్టిన బట్టల దొంతర మీద చేసిపెట్టింది.

తప్పు లండన్ మట్టిది కాలేదు. తొట్టె కడిగినవాడిదే అయింది. బట్టలు అక్కడ పెట్టినందుకు చిట్టెమ్మది కూడా అయింది.

మూడు గంటలకు మేడం దొరసానుల క్లబ్బుకు వెళ్లిపోయింది. చిట్టెమ్మ బట్టలన్నీ మళ్లీ టబ్బులో వేసి చేత్తో రుద్దుతూ, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె చేతులు సబ్బుకు, బ్లీచింగుకు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. బయటికి వచ్చి, రాయి మీద కూర్చున్న లింబాద్రి ఎదురుగా నిలబడింది.

"చెప్పు. ఏం చెయ్యాలో చెప్పు. ఈసారి నేను ఆవిడకి చెప్పను. మనమే చేసేద్దాం."

లింబాద్రి ఆమెను నమ్మాలో వద్దో తెలియక చూశాడు.

"నిజంగానే అంటున్నానయ్యా. ఆదివారం నుంచీ నాకు అన్నం దిగట్లేదు. ప్రభువు చూస్తున్నాడు."

అతను లేచాడు. సరుకులు దింపడానికి మళ్లీ వచ్చిన షావలి పికప్ గేటు దగ్గరే ఉంది, అతను టీ తాగుతున్నాడు. లింబాద్రి వెళ్లి మాట్లాడాడు. అరగంటలో సైటు నుంచి ఎర్ర ఇసుక బస్తా వచ్చింది. చిట్టెమ్మ తొట్టెను వేడినీళ్లు, ఉత్త సబ్బుతో కడిగి, వాసన పోయేదాకా ఎండలో బోర్లించింది. లింబాద్రి సన్నటి జల్లెడ తీసుకున్నాడు. భుజాలు కదలకుండా, మణికట్లు మాత్రం ఆడిస్తూ జల్లించాడు. ఇసుక గుడ్డ మీద పడుతుంటే అస్సలు చప్పుడు రాలేదు. చూస్తున్న చిట్టెమ్మ, "పౌడరులాగ ఉందే," అంది.

"ఆఖరి పూతకు గిట్లనే పట్టాలె. లేకుంటే గోడ మీద గీతలొస్తయి."

తొట్టెలో నాలుగు వేళ్ల మందాన ఎర్ర ఇసుక పోసి అరచేత్తో చదును చేశాడు. తర్వాత లండన్ సంచిలో చెయ్యి పెట్టి, ఒక్క గుప్పెడు గుళికలు తీసి పైన పలచగా చల్లాడు. కొద్దిదూరం నుంచి చూస్తే తొట్టె నిండా గుళికలే ఉన్నట్టుంది.

"ఇదెందుకు?"

"ఆమె కంటికి. ఇంకొకటి గూడ ఉన్నది. గీ మట్టి పిల్లికి ఒక్కసారే పోస్తే బెదురుతది. దినానికి ఒక గుప్పెడు పెంచు, గంత ఉసికె తగ్గించు. నెల తిరిగేసరికి ఉసికె లేకున్నా కూసుంటది. అప్పుడు నీకు ఎవలూ అక్కర లేదు."

ఇక తొట్టె చోటు మార్చాలి. అది మాత్రం మేడానికి తెలియకుండా జరిగేది కాదు. ఆరు గంటలకు మేడం రాగానే చిట్టెమ్మ కొంగు నడుముకు బిగించి ఎదురెళ్లింది. లింబాద్రి వెనక గుమ్మంలోంచి విన్నాడు. ఆమె గొంతు మొదట వణికింది, తర్వాత నిలకడ పట్టింది. ఈసారి మాటలు పొడుగ్గా ఉన్నాయి. వాటిలో సారీ లేదు. వాషింగ్, వాటర్, లండన్ అన్న మాటలు వినబడ్డాయి. మేడం ఏదో అడిగింది. చిట్టెమ్మ తడబడకుండా జవాబు చెప్పింది.

వచ్చి, గోడకు ఆనుకుని చెమట తుడుచుకుంది. "మిషను గొట్టం కారుతోంది, లండన్ మట్టి తడిసి పాడైపోద్ది, అందుకని నడవలో పెట్టానని చెప్పేశాను. మంచి పని చేశావంది."

"గొట్టం కారుతున్నదా?"

"పొద్దుటికి కారేలా చేస్తాలే."

పదిహేను రోజుల్లో మొదటిసారి లింబాద్రి నవ్వాడు.

బుధవారం అతను గేటు దాటకముందే ఇంట్లో సందడి వినబడింది. మేడం నడవలో మోకాళ్ల మీద కూర్చుని, తొట్టెలోకి చూస్తూ నవ్వుతోంది. రాత్రి ఒకసారి, తెల్లవారి ఒకసారి. రెండూ తొట్టెలోనే, శుభ్రంగా కప్పి మరీ. ముదీర్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. పిల్లి ఇద్దరి కాళ్ల మధ్య నుంచి వచ్చి, తనకేమీ పట్టనట్టు లింబాద్రి చెప్పుల వాసన చూసింది.

మేడం లేచి, సంచిని రెండు చేతులతో ఎత్తి లింబాద్రికి చూపించింది. "యూ సీ? లండన్!" అంది. ఆ తర్వాత ముదీర్ వైపు తిరిగి, లింబాద్రిని చూపిస్తూ చాలాసేపు మాట్లాడింది. కోపంగా కాదు, జాలిగా.

చిట్టెమ్మ వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె ముఖం ఎర్రబడింది. "ఏమంటున్నారో తెలుసా?" అంది తెలుగులో, పళ్ల బిగువున. "రెండు వారాలు ఈ మనిషి వల్ల ఏమీ కాలేదు, మట్టి వచ్చిన పూటకే అయిపోయింది, పాపం ఏం చెప్పినా అర్థం కాని మనిషి అంటున్నారు. ఉండు, ఇవాళ చెప్పేస్తాను. ఆ గుళికలు తీసి అడుగున ఏముందో చూపించేస్తాను. ఏమైతే అదవుద్ది."

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. చెప్పనీ, అనిపించింది లింబాద్రికి. ఆ గుళికలు పక్కకు తోసి, ఇదిగో ఇది నా ఇసుక, నేను పట్టిన జల్లెడ అని మేడం కళ్ల ముందు దోసిలి పట్టాలనిపించింది. పదహారు రోజులుగా గొంతులో అడ్డుపడ్డది ఆ ఒక్క మాటే. కాని చెప్తే ఏమవుతుంది? పిల్లి మనసు తెలిసినవాడు దొరికాడని మేడం సంబరపడుతుంది. ముదీర్ భుజం తడతాడు. ఏడాదికి ఏడాది ఇక్కడే. వరసలో మిగిలిన ఐదు ఇళ్లలోనూ పిల్లులు వస్తాయి.

"అక్కా, ఆగు," అన్నాడు. "చెప్పకు."

"అదేంటయ్యా! నీ పేరు..."

"చెప్పకు అక్కా. నీకు దండం పెడ్త. ఆమె అన్నదానికి అవునను. ఇంకా గట్టిగ అను."

చిట్టెమ్మ అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. కళ్లు ఒత్తుకుంది. మేడం వైపు తిరిగి, "యెస్ మేడం," అంది. ఒక క్షణం ఆగి, లింబాద్రి వైపు చూడకుండా మరో రెండు మాటలు కలిపింది. మేడం తలూపింది. ముదీర్ కప్పు బల్ల మీద పెట్టి, జేబులోంచి కలం తీశాడు.

గురువారం ఉదయం ఏడు గంటలకు సైటులో ఇరవై గోడలు తడిపి సిద్ధంగా ఉంచారు. ఒక్కో గోడ ముందు ఒక్కో మనిషి. గొడుగు కింద కన్సల్టెంటు, తెల్లచొక్కా, చేతిలో పొడుగాటి అల్యూమినియం బద్ద. లింబాద్రి ఇస్త్రీ చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి కరీముల్లాకు ఇచ్చాడు. కరీముల్లా విప్పి లోపల్లోపల చదువుకుని, గడ్డం గీరుకున్నాడు.

"దీంట్లో ఏం రాసినాడో తెలుసా నీకు?"

"తెల్వది. చదువు భాయ్."

భోజన్న, ఇంకో ఇద్దరు తాపీలు పట్టుకునే దగ్గరికి వచ్చారు. కరీముల్లా గొంతు సవరించుకున్నాడు. "ఈ మనిషి ఇంటి పనికి పనికిరాడు. ఏం చెప్పినా అర్థం చేసుకోల్యాడు. సైటుకు వెనక్కి పంపిస్తున్నాను." కాగితం మడిచి, ఇబ్బందిగా చూశాడు. "ఇది నీ ఫైల్లో పెట్టాల్సిందే అప్పా. నువ్వు ఈ కంపెనీలో ఉన్నన్నాళ్లూ ఉంటాది."

"ఏం చేసినవురా ఆ ఇంట్ల?" అన్నాడు భోజన్న, నవ్వాలో జాలిపడాలో తెలియక.

మొదటి మాట లింబాద్రికి తేలిగ్గానే దిగింది. రెండో మాట దిగలేదు. ఏం చెప్పినా అర్థం చేసుకోలేడు. ఆ ఇంట్లో చెప్పింది తను. వినాల్సింది వాళ్లు. అయినా కాగితం మీద పడేది ముదీర్ రాసిందే, అతని సంతకంతోనే, కంపెనీ ఇనుప అలమరాలో తన పేరు పక్కనే.

"మళ్లొక్కసారి చదువు భాయ్," అన్నాడు.

"ఎందుకప్పా?"

"చదువు."

కరీముల్లా మళ్లీ చదివాడు. ఈసారి నెమ్మదిగా, మిగతావాళ్లకు వినబడకుండా. లింబాద్రి ఆసాంతం విని తల ఊపాడు. "సరే. పెట్టుకో," అన్నాడు.

కన్సల్టెంటు ఈల వేశాడు. లింబాద్రి ఇస్త్రీ చొక్కా విప్పి మడిచి సిమెంటు బస్తా మీద పెట్టాడు. పదిహేనో నంబరు గోడ. సిమెంటు మాలు కలిపిన తట్టలోంచి కొంచెం వేళ్లతో తీసి నలిపి చూశాడు. నీళ్లు రవ్వంత ఎక్కువయ్యాయి. పక్కనుంచి ఒక గుప్పెడు పొడి ఇసుక కలిపి తిరగేశాడు. గోడ నిలువు చూడడానికి గుండు దారం వదిలి, అది ఊగడం ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. అటుపక్కవాళ్లు అప్పటికే మొదలుపెట్టేశారు, తాపీల చప్పుడు వరసంతా వినబడుతోంది. అతను తొందరపడలేదు. తాపీ నిండా మాలు తీసుకుని, మణికట్టు ఒక్కసారి తిప్పి విసిరాడు. అది చప్పున గోడకు తగిలి, ఒక్క చుక్క కూడా కింద రాలకుండా నిలిచిపోయింది.